ఎక్స్‌ప్రెస్ వీసా ఇప్పిస్తామనే ఏజెన్సీలతో జాగ్రత్త

షెంజెన్ వీసా (ఐరోపాలోని పలు దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) కోసం ప్రైవేటు ఏజెన్సీని ఆశ్రయించబోతున్నవారు, ముఖ్యంగా ప్రయాణ తేదీ దగ్గర పడినవారు, డబ్బు చెల్లించే ముందు ఈ విషయం తెలుసుకోవాలని కోరుతున్నాను. ఎక్స్‌ప్రెస్ సేవ పేరుతో మా దగ్గర అదనపు రుసుము వసూలు చేసిన ఒక ఏజెన్సీ నిర్వాకం వల్ల, విదేశంలో చదువుకున్న మా అమ్మాయి స్నాతకోత్సవానికి నేనూ, నా భార్యా వెళ్లలేకపోయాము. వీసా రాకపోలేదు, వేడుక ముగిసిన తరువాత వచ్చింది.

కాన్సులేట్‌లో (వీసా ఇచ్చే ఆ దేశపు దౌత్య కార్యాలయంలో) తమకు ప్రత్యేకమైన మార్గం ఉందనీ, మామూలుగా పట్టే వ్యవధిలో సగానికే వీసా చేతికి ఇప్పిస్తామనీ ఆ ఏజెన్సీవారు హామీ ఇచ్చారు. అటువంటి మార్గం ఏదీ లేదు. షెంజెన్ వీసా నియమావళి ప్రకారం దరఖాస్తును పరిశీలించి నిర్ణయం తీసుకునే అధికారం కాన్సులేట్ అధికారులదే. కాన్సులేట్ తరఫున దరఖాస్తులు స్వీకరించే అధీకృత కేంద్రాలకే ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేనప్పుడు, బయటి ఏజెన్సీకి అది ఎక్కడి నుంచి వస్తుంది? సక్రమమైన దరఖాస్తు అందిన నాటి నుంచి 15 రోజుల్లో నిర్ణయం తీసుకోవాలన్నది సాధారణ నిబంధన. మరింత పరిశీలన అవసరమైతే అది 45 రోజుల వరకు సాగవచ్చు. ఈ లెక్క దరఖాస్తు అధికారికంగా అందినప్పటి నుంచి మొదలవుతుంది గాని, మనం ఏజెన్సీ చేతికి కాగితాలు ఇచ్చినప్పటి నుంచి కాదు. మోసం జరిగేది సరిగ్గా ఈ రెంటి నడుమ ఉన్న రోజుల్లోనే.

మునుపటి షెంజెన్ వీసా కోసం ఇచ్చిన వేలిముద్రలను 59 నెలల వరకు తిరిగి ఉపయోగించుకునే వీలుంది. మా వేలిముద్రలు ఆ గడువులోపే ఉన్నాయి కనుక మేము కేంద్రానికి రానవసరం లేదని ఏజెన్సీవారు అన్నారు. మేము స్వయంగా వెళ్లి ఉంటే దరఖాస్తు ఎప్పుడు అందిందో మా కళ్లతో చూసేవాళ్లం; ఆ అవకాశం లేకపోవడం వారికి కలిసివచ్చింది. ఎప్పుడు ఫోన్ చేసినా, "ప్రాసెసింగ్‌లో ఉందండీ, కంగారు పడకండి" అన్న మాటే. గట్టిగా నిలదీసిన మీదట వారు పంపిన రసీదులో, బార్‌కోడ్ కింద చిన్న అక్షరాల్లో, దరఖాస్తు స్వీకరించిన తేదీ కనిపించింది. అది మేము డబ్బు కట్టిన వారానిది కాదు, నిలదీసిన వారానిది. అప్పటివరకు మా పాస్‌పోర్టులు వారి సొరుగులోనే ఉండిపోయాయన్నమాట.

దానికంటే ప్రమాదకరమైన సంగతి దరఖాస్తు ఫారం నకలు తెప్పించుకున్నప్పుడు బయటపడింది. ఈమెయిల్, ఫోన్ నంబరు ఉండవలసిన గడుల్లో మావి కాక ఏజెన్సీవి రాసి ఉన్నాయి. మేము అమ్మాయి దగ్గరే బస చేస్తామని ఆమె ఇచ్చిన ఆహ్వాన లేఖతో పాటే, మేము ఎన్నడూ చేయని హోటల్ బుకింగ్ ఒకటి మా పేర్ల మీద జత చేశారు. ఈ రెండింటికీ పొంతన లేదేమని కాన్సులేట్ వివరణ కోరిన సందేశం ఏజెన్సీ ఈమెయిల్‌కు వెళ్లి, ఎవరూ తెరవకుండా అక్కడే పడి ఉంది. తప్పుడు పత్రం సమర్పించారన్న కారణంతో వీసాను తిరస్కరించవచ్చు. తిరస్కరణ వివరాలు షెంజెన్ దేశాల ఉమ్మడి వీసా సమాచార వ్యవస్థలో 5 ఏళ్ల వరకు నిలిచి ఉంటాయి. మేమే నేరుగా రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకోవడం వల్ల ఆ గండం తప్పింది. మరొకరికి తప్పకపోవచ్చు, నా ఆందోళన అంతా అందుకే.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కనుక, వీలైతే ఏజెన్సీ అవసరమే రాకుండా చూసుకోండి. తప్పనిసరైతే, మీ సొంత ఈమెయిలే ఫారంలో ఉండాలని పట్టుబట్టండి, ఖాళీ ఫారం మీద సంతకం చేయకండి, జత చేసిన ప్రతి కాగితం నకలూ సమర్పించడానికి ముందే అడిగి తీసుకోండి. దరఖాస్తు ఫలానా తేదీలోగా కేంద్రానికి చేరుతుందని, చేరకపోతే రుసుము తిరిగి ఇస్తామని రాసి ఇవ్వని ఏజెన్సీకి పాస్‌పోర్టు అప్పగించకండి. రసీదు మీది నంబరు చేతికి వచ్చిన వెంటనే, ఏజెన్సీవారి మాట మీద ఆధారపడకుండా, కేంద్రం అధికారిక వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. పాస్‌పోర్టు గత 10 ఏళ్లలోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తరువాత కనీసం 3 నెలలు చెల్లుబాటులో ఉండి, 2 ఖాళీ పేజీలు కలిగి ఉండాలన్న నిబంధన సంగతి కూడా ముందే చూసుకోవడం మంచిది.

ఎక్స్‌ప్రెస్ రుసుము మాకు ఇంతవరకు తిరిగి రాలేదు. "వీసా వచ్చింది కదా" అన్నదే వారి సమాధానం. కార్డు ద్వారా చెల్లించాము కనుక, హామీ ఇచ్చిన సేవ అందలేదని రసీదు, వారి పాత సందేశాలు జతచేసి బ్యాంకులో ఫిర్యాదు నమోదు చేశాము. ఇటువంటి ఫిర్యాదులకు గడువు ఉంటుంది. ఇదే ఇబ్బందిలో ఉన్నవారు ఏజెన్సీ రేపు మాపు అంటూ తిప్పుతుంటే ఎదురుచూడకుండా వెంటనే బ్యాంకును సంప్రదించండి.