రఫ్ ఫోన్ కొనేముందు ఒక్క నిమిషం ఇది చదవండప్పా, నాకు 18,500 పోయినాయి

అందరికీ నమస్తే. నేను పాకాల దగ్గర బోరు మోటర్లు ఎత్తే పని చేస్తా. మా పనిలో మామూలు ఫోన్ ఆరు నెలలు నిలబడదు, బురద, గ్రీజు, నీళ్ళు, ఎండ, అన్నీ దానిమీదనే. అందుకే పోయిన సంక్రాంతికి తిరుపతిలో ఒక అంగడికి పోయి, చుట్టూ మందంగా రబ్బరు, నాలుగు మూలలకీ స్క్రూలు ఉండే రఫ్ ఫోన్ ఒకటి కొన్నా, 18,500. మా బామ్మర్దికి కూడా అదే మోడల్ ఒకటి ఇప్పించినా, ఆ తప్పు నాదే, అందుకే ఇంకొకరు ఇట్ల ఇరుక్కోకూడదని ఇంత పొడుగు రాస్తా ఉండా.

అంగట్లో ఆ పిల్లోడు ఫోన్‌ను నీళ్ళ బకెట్లో ముంచి తీసినాడు, గచ్చు మీద రెండుసార్లు వేసినాడు, ఏమీ కాలేదు. డబ్బా మీద ఐపీ68 అని, మిల్ స్టాండర్డ్ 810హెచ్ అని పెద్ద అక్షరాలు. మిలిటరీ వాళ్ళు పరీక్ష చేసిన ఫోన్ అన్నా, లారీ ఎక్కినా ఏం కాదు అన్నాడు. నేను నమ్మినా.

మే నెలలో ఒక మామిడి తోటలో పైపులు ఎత్తతా ఉన్నాం. వంగినప్పుడు జేబులోనుంచి ఫోన్ జారి కేసింగ్ చుట్టూ ఉండే సిమెంటు దిమ్మె మీద పడింది, పట్టుమని మూడడుగులు కూడా లేదు ఎత్తు. పడింది కూడా మూల మీద, అక్కడ ఒక గ్రానైటు ముక్క ఉండె. అద్దం మూల దగ్గర వెంట్రుకంత గీత. పని చేస్తానే ఉంది కదా అని వదిలేసినా. వారం తర్వాత ఇంకో బోరు దగ్గర పైపు జాయింట్ విప్పతానే లోపల నిలిచిన నీళ్ళు ఒక్కసారిగా చిమ్మి జేబు మీద కొట్టినాయి. సాయంత్రానికి కెమెరా అద్దం లోపల ఆవిరి, తెల్లారేసరికి స్క్రీన్‌లో పచ్చగీత, మూడో రోజు చార్జింగే ఎక్కలేదు.

మన దగ్గర ఆ ఫోన్ కంపెనీకి సర్వీస్ సెంటర్ లేదు, కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు, చెన్నైకి పోవాల్సి వచ్చింది. అక్కడ సిమ్ ట్రే తీసి లోపల చిన్న స్టిక్కర్ చూపించినారు, తెల్లగా ఉండాల్సింది ఎర్రగా అయింది, నీళ్ళు తగిలితే రంగు మారే స్టిక్కర్ అది. వాళ్ళు చెప్పింది వినండి. అద్దం పగిలింది కాబట్టి నీళ్ళు పోయినాయి, అద్దం పగలడం ఫిజికల్ డ్యామేజ్, నీళ్ళు పోవడం లిక్విడ్ డ్యామేజ్, రెండూ వారంటీలో రావు. ఏందయ్యా, పడినా పగలదు, నీళ్ళు పోవు అనే కదా ఈ ఫోన్ అమ్మింది అని అడిగితే వారంటీ కాగితంలో నాలుగో లైన్ చూపించినారు. చాలా చిన్న అక్షరాలు, కానీ ఉండాది, లేదని నేను చెప్పలేను.

అప్పటినుంచి ఈ అక్షరాల వెనక ఏముందో కూర్చోని చదివినా. ఐపీ68లో 6 అంటే దుమ్ముకు, 8 అంటే నీళ్ళలో మునగడానికి. 7 అయితే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు అని లెక్క ఉంది, 8 అయితే ఎంత లోతు ఎంతసేపు అనేది తయారు చేసే కంపెనీ చెప్పిందే లెక్క. అది కూడా నిలవ నీళ్ళకు. పైపులోంచి చిమ్మి కొట్టే నీళ్ళకు ఆ రెండో అంకెలోనే 5, 6 అని వేరే పరీక్షలు ఉన్నాయి, 8 పాసయినంత మాత్రాన 6 పాసయినట్టు కాదు! ఇది నాకు ముందే తెలిసుంటే... బోరు పని చేసేవాళ్ళకు, కార్లు కడిగే పిల్లోళ్ళకు, డెయిరీలో పైపు పట్టేవాళ్ళకు ముఖ్యంగా కావల్సింది ఈ ముక్కే. డబ్బా మీద ఐపీ66 కూడా ఉందో, ఐపీ69 కూడా ఉందో చూడండి. 69 అంటే వేడినీళ్ళు గట్టి ప్రెషర్‌తో కొట్టే పరీక్ష.

ఇంక మిలిటరీ మాట. డబ్బా మీద ఉండే మిల్ స్టాండర్డ్ 810 అనేది అమెరికా రక్షణ శాఖ రాసుకున్న పరీక్షల పుస్తకం, 2019లో వచ్చింది హెచ్ వెర్షన్. ఆ శాఖ ఏ ఫోన్‌కూ సర్టిఫికెట్ ఇవ్వదు. అందులో చాలా పరీక్షలు ఉంటాయి, ఏవి చేయాలో కంపెనీనే ఎంచుకోవచ్చు, చేసేది కూడా వాళ్ళే కావచ్చు. కింద వేసే పరీక్ష అంతకుముందు వచ్చిన జి వెర్షన్‌లో ఎట్లుందంటే, 122 సెంటీమీటర్ల ఎత్తునుంచి 26 సార్లు, 6 పక్కలు 12 అంచులు 8 మూలలు. వేసేది కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్ మీద. ఆ 26 దెబ్బలూ ఒక్క ఫోనే తినాలని లేదు, 5 ఫోన్లకు పంచుకోవచ్చు. మన గ్రానైటు ముక్క ఆ ప్లైవుడ్ మీద యాడుంటాది చెప్పండి.

బామ్మర్ది ఫోన్ ఇంకా బాగానే ఉంది కదా అనుకున్నాం, దాన్నీ చూసినాం. ఈ ఫోన్లలో కొన్నిటికి గాలి ప్రెషర్ చూపించే సెన్సార్ ఉంటాది, ఆ నంబర్ చూపించే యాప్ వేసుకోని, మూతలన్నీ మూసి, స్క్రీన్ మధ్యలో బొటనవేలితో నొక్కాలి. సీలు బాగుంటే లోపలి గాలి నలిగి నంబర్ టక్కున పైకి పోతాది. వాడి ఫోన్లో కదల్లేదు. చార్జింగ్ మూత తీసి చూస్తే దాని చుట్టూ ఉండే సన్నటి రబ్బరు ఒక పక్క చీలి నాలుక మాదిరి వేలాడతా ఉండాది. రోజుకు రెండుసార్లు తీసి మూసే మూత అది, నాలుగు నెలలకే అట్లయింది. పడలేదు, తడవలేదు, ఊరికే చార్జింగ్ పెట్టినందుకు!

కాబట్టి అన్నలారా, అంగట్లో బకెట్టు చూసి మోసపోవద్దు, కొత్త ఫోన్‌కు రబ్బరు కొత్తగా ఉంటాది, ఏ ఫోనైనా ఆ పూటకు పాసవుతాది. ముందు వారంటీ కాగితం అడగండి, నీళ్ళు పోతే బాగు చేస్తారా, అద్దం పగిలితే చేస్తారా అని బిల్లు మీదనే రాసివ్వమనండి, రాయను అంటే బయటికి వచ్చేయండి. సర్వీస్ సెంటర్ ఏ ఊర్లో ఉందో కనుక్కోండి. ఆ మూత రబ్బరు విడిగా దొరుకుతుందో లేదో కూడా.

నేను 1915కు ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టినా, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతా, 5 లక్షల లోపు దానికి ఫీజు లేదు, రెండేళ్ళ లోపల వేయాలి. బిల్లు, డబ్బా, ఆ ఎర్ర స్టిక్కర్ ఫోటో అన్నీ ఒక కవర్లో పెట్టుకున్నా. ఇట్లాంటి ఫోన్‌తోనే ఎవరైనా ఇప్పటికే కమిషన్‌కు పోయింటే నాకు చెప్పండి, డబ్బా మీద రాసిన మాటను అక్కడ ఎట్ల చూపించినారో నాకు కావాల.