హైస్కూలు విద్యార్థులకు జీవన నైపుణ్యాల కోర్సు: ఒక ఉపాధ్యాయుడి సమీక్ష

హైస్కూలు విద్యార్థుల మానసిక క్షేమం కోసం రూపొందించిన జీవన నైపుణ్యాల కోర్సు ఒకదాన్ని మా పాఠశాల తీసుకుంది. దాన్ని తరగతిలో బోధించిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, సహానుభూతి, ఒత్తిడిని తట్టుకోవడం వంటి పది నైపుణ్యాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే గుర్తించింది. ఈ కోర్సు పాఠాలన్నీ ఆ జాబితా ప్రకారమే సాగుతాయి కాబట్టి విషయ ఎంపికలో కొత్తదనం లేదు, ఉండనవసరమూ లేదు. చూడవలసిందల్లా ఆ నైపుణ్యాలను పిల్లల చేత ఎంతవరకు సాధన చేయిస్తున్నదనే.

ఆ లెక్కన, ‘వద్దు’ అని చెప్పడం నేర్పే పాఠం అన్నిటికంటే మెరుగైనది. ముగ్గురేసి విద్యార్థులు జట్టు కడతారు. సిగరెట్ తాగమనో, తోటి విద్యార్థి ఫొటోను గ్రూపులో పెట్టమనో ఒకరు బలవంతపెడతారు, రెండోవారు నిరాకరిస్తారు, మూడోవారు పక్కనుండి గమనించి గొంతు ఎక్కడ తగ్గిందో, అవసరం లేని క్షమాపణ ఎక్కడ దొర్లిందో చెబుతారు. తరువాత పాత్రలు మారతాయి. పొగ తాగడం హానికరమని ఆ వయసు పిల్లలకు మనం చెప్పనక్కరలేదు. స్నేహం చెడకుండా తప్పించుకునే మాట సమయానికి నోటికి రావడమే వారికి కష్టం, అది పలికి పలికి అలవాటైతేనే వస్తుంది. తరగతిలో నోరు మెదపని పిల్లలు బలవంతపెట్టే పాత్రలో రాణించడం మాత్రం నేను ఊహించనిది.

ఒత్తిడి గురించిన పాఠం నిరాశపరిచింది. నెమ్మదిగా ఊపిరి వదలడం, సిలబస్‌ను చిన్న భాగాలుగా విడగొట్టుకోవడం చెప్పారు, మంచిదే. కానీ ఈ వయసులో రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమన్న సంగతి ఎక్కడా లేదు. సహానుభూతి పాఠం చివర ఖాళీలు పూరించమని మార్కులు వేయడం ఇంకా విచిత్రం: మార్కులున్నచోట పిల్లలు తమకు అనిపించింది కాక మనకు నచ్చేది రాస్తారు.

అసలు లోపం ఉపాధ్యాయుల కరదీపికలో ఉంది. 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక రుగ్మత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కనుక భావోద్వేగాల పాఠం నడుస్తున్నప్పుడు ఎవరో ఒకరు తీవ్రమైన విషయం బయటపెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అటువంటప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వరాదని, తనకు తాను హాని చేసుకునే ఆలోచన ఉందేమో సూటిగా అడగవచ్చని, ఉందంటే ఆ విద్యార్థిని ఒంటరిగా వదలకుండా వెంటనే కౌన్సిలర్‌ను రప్పించాలని పుస్తకం వివరించాలి. ‘అవసరమైతే నిపుణులను సంప్రదించండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఉపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణలోనూ ఈ ప్రస్తావన రాలేదు.

కౌన్సిలర్ ఉన్న పాఠశాలలు, మార్కుల పేజీలను పక్కన పెట్టి, ఈ కోర్సును నిశ్చింతగా తీసుకోవచ్చు. లేనివారు పిల్లలను అవసరంలో ఎవరి దగ్గరకు పంపాలో ముందుగా తేల్చుకున్న తరువాతే భావోద్వేగాల పాఠాలు మొదలుపెట్టాలి.