గిన్నెడు చన్నీళ్లా, మంచి సమరయుడా?

చిన్న ఉపకారం కూడా దేవుని దృష్టిలో విలువైనదేనని సండే స్కూలు పిల్లలకు నేర్పడానికి రెండు పాఠాలు వెంటనే గుర్తుకు వస్తాయి: లూకా 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం, ఈ చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు తన ఫలము (ప్రతిఫలం) పోగొట్టుకోడని మత్తయి 10:42లో యేసు చెప్పిన మాట.

ఉపమానానికి కథాబలం ఉంది. యెరూషలేము నుండి యెరికోకు దిగే దారి, దొంగలు కొట్టి పడేసిన బాటసారి, అతణ్ణి చూసి కూడా పక్కగా పోయిన యాజకుడు, లేవీయుడు (ఆలయ సేవకుడు) అనగానే పిల్లలు కళ్లార్పకుండా వింటారు. అయితే అతణ్ణి ఆదుకున్న సమరయుడు, అంటే యూదులు దూరం పెట్టిన సమరయ ప్రాంతపు మనిషి, చేసినది చిన్న పని కాదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుని వెళ్లి, పూటకూళ్లవానికి రెండు దేనారములు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చాడు. ఆరేళ్ల పిల్ల దీన్ని మెచ్చుకోగలదు గాని మరునాడు చేయలేదు.

చన్నీళ్ల మాట ఒక్క వచనమే, కథ లేదు. అందులోని ‘చిన్నవారు’ యేసు పంపిన శిష్యులని పెద్ద పిల్లలకైనా వివరించాలి. కానీ ఆ పని పిల్లల చేతికి అందుతుంది. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా తరగతి పాప గేటు దగ్గరి కాపలా తాతకు స్టీలు గ్లాసుతో నీళ్లు తీసుకువెళ్లింది. సగం గౌను మీదే ఒలికాయి, మిగిలినవి ఆయన తాగాడు. చిక్కల్లా ‘ఫలము’ అనే మాటతోనే: స్టిక్కర్లకు అలవాటుపడిన పిల్లలు వెంటనే బహుమతి ఏమిటని అడుగుతారు.

ఎనిమిదేళ్ల లోపు వారికి నేను నీళ్ల పాఠమే ముందు చెబుతాను. ఆ కాలపు యూదులు సమరయులతో ఎందుకు సాంగత్యం చేసేవారు కాదో అర్థమయ్యే వయసు వచ్చాకే ఉపమానం అందుకుంటాను.