ఎయిరిండియా అమ్మకం సరైనదే, టికెట్ కొనేముందు మాత్రం ఏ విమానమో చూసుకోండి

ఎయిరిండియాను టాటాలకు 18,000 కోట్లకే కట్టబెట్టారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. లెక్క చూస్తే అందులో 15,300 కోట్లు టాటాలు నెత్తికెత్తుకున్న అప్పు, ఖజానాకు నగదుగా వచ్చింది 2,700 కోట్లే. 2021 ఆగస్టు చివరికి మొత్తం అప్పు 61,562 కోట్లు. మిగిలిన 46,262 కోట్ల భారం ప్రభుత్వ హోల్డింగ్ కంపెనీ మీద, అంటే మన పన్నుల మీదే పడింది. వినడానికి నష్టబేరమే. కానీ అది రోజుకు సుమారు 20 కోట్లు పోగొట్టుకుంటున్న సంస్థ. 2018లో 24 శాతం వాటా అట్టిపెట్టుకుని మిగతాది అమ్మజూస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. ప్రభుత్వం పూర్తిగా తప్పుకోవడమే దారి. అది కూడా ఆలస్యంగానే, 2022 జనవరి 27న జరిగింది.

మరి ప్రయాణికుడికి ఏం ఒరిగింది? అది ఎక్కే విమానాన్ని బట్టి ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ350-900లో బిజినెస్ క్లాస్‌లో తలుపులున్న 28 సూట్లు, 24 ప్రీమియం ఎకానమీ (బిజినెస్‌కు, మామూలు ఎకానమీకి మధ్య తరగతి) సీట్లు ఉన్నాయి. లోపలంతా మార్చిన ఏ320నియోలో బిజినెస్‌లో 8, ప్రీమియం ఎకానమీలో 24, ఎకానమీలో 132 సీట్లు. ఈ రెండూ డబ్బుకు తగ్గవే. పాత బోయింగ్ 787-8 క్యాబిన్ అలా కాదు. బిజినెస్‌లో 2-2-2 వరుసలు, అంటే సీట్లు జంటలుగా ఉంటాయి కాబట్టి, కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు లేవాలంటే పక్కవాళ్ల కాళ్లు దాటాలి. సీటు కదలకపోవడం, స్క్రీన్ వెలగకపోవడం లాంటి ఫిర్యాదులు ఎక్కువగా పాత క్యాబిన్ల మీదే. 2023లో 470 విమానాలకు ఆర్డరిచ్చినా అవి చేతికొచ్చేది ఏళ్ల తరబడి. పాతవాటికి కొత్త సీట్లు వేయాలంటే ముందు ఆ సీట్లు తయారై, సర్టిఫికెట్ పొందాలి. పైగా విమానాన్ని సర్వీసు నుంచి తప్పించాలి. అందుకే కొత్త సీట్ల కోసం తొలి 787-8 అమెరికాలో, కాలిఫోర్నియాలోని విక్టర్‌విల్‌కు వెళ్లేసరికే 2025 జులై వచ్చింది.

బుక్ చేసేటప్పుడు ఫ్లైట్ వివరాల్లో విమానం రకం చూడండి, తర్వాత సీట్ మ్యాప్ తెరవండి. బిజినెస్ వరుస 1-2-1గా ఉంటే మేలు, ఎవరినీ దాటకుండా లేవొచ్చు. 787లో ప్రీమియం ఎకానమీ కనిపిస్తోందంటే అది పాత క్యాబిన్ కాదు. ఆఖరి నిమిషంలో విమానం మారుతుంటుంది, ముందురోజు మళ్లీ చూసుకోవాలి. ఎవరు నడుపుతున్నారన్న లైను కూడా వదలొద్దు. అక్కడ ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ అని ఉంటే అది బడ్జెట్ సర్వీసు. ఎక్స్‌ప్రెస్ వాళ్ల లైట్ ఫేర్‌లో చెక్-ఇన్ లగేజీ ఉండదు.

కొన్న క్లాసులో కాక కింది క్లాసులో కూర్చోబెడితే వోచర్‌తో సరిపెట్టుకోకండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం దేశీయ ప్రయాణంలో టికెట్ ధరలో 75 శాతం, అంతర్జాతీయంగా దూరాన్ని బట్టి 30, 50 లేదా 75 శాతం తిరిగివ్వాలి. సీటు పాడైతే మాత్రం ఇంత స్పష్టమైన లెక్క లేదు. ఫొటో తీసి, విమానంలోనే సిబ్బంది చేత క్యాబిన్ లాగ్‌లో (లోపాలు రాసే పుస్తకంలో) రాయించి, ఆ వివరాలతో సంస్థకు మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఎయిర్‌సేవ ఉంది.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 మందిని బలిగొన్న ఎయిరిండియా విమాన ప్రమాదాన్ని యాజమాన్యం మారడం ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. కారణం తేల్చాల్సింది విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ.

అమ్మకం మీద నా అసలు అభ్యంతరం వేరు. 2024 నవంబరు 12న టాటాలకే వాటా ఉన్న మరో విమాన సంస్థ విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. మంచి సర్వీసుకు పేరున్న ఒక ప్రత్యామ్నాయం పోయింది. ఇప్పుడు ఇండిగో, ఎయిరిండియా గ్రూపు కలిపి దేశీయ ప్రయాణికుల్లో దాదాపు 90 శాతం మందిని మోస్తున్నాయి. 2025 డిసెంబరులో ఇండిగో వేల ఫ్లైట్లు రద్దు చేసినప్పుడు, చాలా రూట్లలో జనానికి మరో దారి లేకపోయింది. మార్కెట్లో పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ సీసీఐ ఈ విలీనానికి 2023లో షరతులతోనే అనుమతిచ్చింది. అవి అమలవుతున్నాయో లేదో ప్రయాణికులకు తెలిసేలా ఎప్పటికప్పుడు ప్రకటించాలి. ఢిల్లీ, ముంబై విమానాశ్రయాల్లో కొత్త స్లాట్లు (విమానం దిగి, ఎగిరే సమయాలు) పంచేటప్పుడు చిన్న సంస్థలకే మొదట ఇవ్వాలి.