స్కిడ్ ఎలుకా, రాగ్ ఎలుకా?

రోగకారకాలను గుర్తించే టి, బి తెల్లరక్త కణాలు లేని ఎలుక కావలసినప్పుడు 1983లో వెలుగులోకి వచ్చిన స్కిడ్ రకాన్ని ఎంచుకోవాలా, 1992లో రాగ్ అనే జన్యువును తొలగించి రూపొందించిన రాగ్ రకాన్నా అని నల్లగొండలో మా ఎమ్మెస్సీ విద్యార్థులు ఏటా అడుగుతారు.

ఇక్కడివారికి పుట్టపాక మగ్గం తెలుసు కనుక దానితోనే చెబుతాను. ఈ కణాలు రోగకారకాలను పట్టుకునే తమ గ్రాహకాలను తయారుచేసుకోవాలంటే డీఎన్ఏను పోగుల్లా కత్తిరించి కొత్త వరుసలో అతకాలి. రాగ్ ఎలుకలో కత్తెరే, అంటే రాగ్ ప్రోటీనే, లేదు కనుక పని మొదలే కాదు. స్కిడ్ ఎలుకలో, సహజంగా ఏర్పడిన ఉత్పరివర్తనం వల్ల, పోగు తెగుతుంది గాని ముడి సరిగా పడదు. ఎప్పుడో ఒక ముడి పడుతుంది; అందుకే వయసు మీరిన కొన్ని స్కిడ్ ఎలుకల రక్తంలో బి కణాలు తయారుచేసే యాంటీబాడీలు కనిపిస్తాయి. నెలల తరబడి సాగే ప్రయోగాన్ని ఇది పాడుచేయగలదు.

పైగా ముడివేసే ఆ ప్రోటీను ఒంట్లోని ఇతర కణాలకూ అవసరం కావడంతో స్కిడ్ ఎలుక రేడియేషన్‌కు త్వరగా దెబ్బతింటుంది. మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే రేడియేషన్ మోతాదు తగ్గించక తప్పదు. ఈ కత్తిరింపు, అతుకు అవసరం లేని మరో రకం రోగనిరోధక కణాలైన సహజ హంతక కణాలు రెండు ఎలుకల్లోనూ ఉంటాయి.

కణాల ఎదుగుదలను చూడాలంటే నేను రాగ్ ఎలుకనే కోరుకుంటాను. టి కణాలు ఎదిగే దాని చిన్న థైమస్ గ్రంథి నుంచి తీసిన కణాలను, ఒక్కో కణాన్నీ కొలిచి చుక్కగా చూపే ఫ్లో సైటోమీటర్‌లో పెడితే, చుక్కలన్నీ ఎదిగే టి కణాలపై కనిపించే సీడీ4, సీడీ8 ప్రోటీన్లు రెండూ లేని మూలలోనే గుమిగూడి, ఎదుగుదల ఆగినచోటు కళ్లకు కడుతుంది.