సిలికాన్ కేక్ మౌల్డ్‌లు: ఏళ్ళ తరబడి వాడాక ఏవి మిగిలాయి, ఏవి అటకెక్కాయి

కేక్ గిన్నె అల్యూమినియంది కొనాలా, రబ్బరులా వంగే సిలికాన్‌ది కొనాలా అని అడిగేవాళ్ళను నేను ముందు ఒకటే అడుగుతాను: అందులో ఏం చేస్తారు? మఫిన్లు, కప్ కేకులు అయితే సిలికాన్ కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. బ్రెడ్ అయితే వద్దే వద్దు. మామూలు గుండ్రటి కేక్ అయితే కొనవచ్చు గానీ, ఇంట్లో ఇప్పటికే మంచి అల్యూమినియం గిన్నె ఉంటే ఆ డబ్బు దండగ.

నా దగ్గర విడివిడి మఫిన్ కప్పులు, ఒక గుండ్రటి గిన్నె, బ్రెడ్ కోసం కొన్న పొడుగు మౌల్డ్, మధ్యలో గొట్టం ఉండే బండ్ట్ మౌల్డ్, ట్రే మీద పరిచే ఒక బేకింగ్ మ్యాట్, చాక్లెట్ ట్రేలు ఉన్నాయి. ఓవెన్ మామూలు చిన్న ఓటీజీ, పైనా కిందా రాడ్లు ఉండేది. కొన్ని మౌల్డ్‌లు ఇప్పటికీ ఆదివారం వస్తే చాలు ఓవెన్‌లోకి వెళ్తాయి. కొన్నింటి మీద దుమ్ము పడుతోంది, అదీ మామూలుగా కాదు. సిలికాన్ దుమ్మును అయస్కాంతంలా లాగుతుంది. కవర్‌లో పెట్టకుండా అటక మీద వదిలేస్తే మళ్ళీ వాడే ముందు కడగక తప్పదు.

సిలికాన్ వేడిని చాలా నెమ్మదిగా అందిస్తుంది. వేడిని మోసుకెళ్ళడంలో అల్యూమినియంతో పోలిస్తే దాని సత్తా సుమారు వెయ్యో వంతు. దీని మంచీ చెడూ దాదాపు అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. అల్యూమినియం గిన్నెలో వేడి అంచులకు వెంటనే తగిలి, అవి ముందుగా ఉడికి, ఎర్రబడి, కాస్త గట్టిపడతాయి. సిలికాన్‌లో అంచులు అంత తొందరపడవు. గుడ్డు లేకుండా పెరుగు వేసి చేసే కేకులకు ఇది వరమే. అంచులు ఎండిపోకుండా చివరి ముక్క దాకా మెత్తగా ఉంటాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళకు పంటి కింద గట్టిగా తగిలితే నచ్చదు, వాళ్ళ ఓటు సిలికాన్‌కే.

అదే గుణం బ్రెడ్‌ను చెడగొడుతుంది. బ్రెడ్‌కు పైన, పక్కన ఎర్రటి పొర రావాలి కదా. సిలికాన్‌లో పైభాగం రాడ్ల వేడికి ఎర్రబడుతుంది గానీ, బయటికి తీసి చూస్తే పక్కలు, అడుగు తెల్లగా పాలిపోయి ఉంటాయి. పైగా పిండి పొంగేటప్పుడు మౌల్డ్ గోడల్ని పక్కలకు తోసేస్తుంది. లోఫ్ నడుము దగ్గర ఉబ్బి, ముక్కలు కోస్తే ఒక్కటీ సమానంగా రాదు. గోడల చుట్టూ స్టీలు ఫ్రేమ్ ఉన్నవి కొంత నయం, అయినా రంగు మాత్రం రాదు.

వేడి నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి సమయం కూడా ఎక్కువ పడుతుంది. వంటల పుస్తకంలో 35 నిమిషాలు అని ఉంటే నేను 45 దాకా చూస్తాను. టెంపరేచర్ పెంచను, పెంచితే పైభాగం మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది. పుల్ల గుచ్చి చూడటమే నమ్మకం.

ఓటీజీ వాడేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. సిలికాన్ మౌల్డ్ మెత్తన కాబట్టి కింద ట్రే పెట్టమంటారు. ఓవెన్‌తో వచ్చే ట్రే గట్టి రేకు. అది కింది రాడ్ వేడిని అడ్డుకుంటుంది, అసలే వేడి అందక ఇబ్బంది పడే మౌల్డ్‌కు అది కూడా అందదు. పోనీ తీగల ర్యాక్ మీద నేరుగా పెడదామంటే, పిండి బరువుకు అడుగు తీగల మధ్యలోకి దిగి కేక్ కింద గీతలు పడతాయి. నేను చిల్లులున్న స్టీలు ప్లేటు వాడుతున్నాను, కూరగాయలు ఆవిరికి పెట్టే రకం. మౌల్డ్ కుదురుగా కూర్చుంటుంది, కింద వేడీ తగులుతుంది. పిండి పోయడం కూడా మౌల్డ్‌ను ప్లేటు మీద పెట్టాకే. నిండుగా ఉన్న గుండ్రటి సిలికాన్ గిన్నెను చేతుల్తో ఎత్తితే మధ్యలో వంగి, సగం పిండి గట్టు మీదే ఉంటుంది.

మఫిన్ కప్పుల్లో మాత్రం పేరు పెట్టడానికి లేదు. చిన్నవి కాబట్టి వేడి మధ్య దాకా త్వరగానే చేరుతుంది, పేపర్ కప్పులు కొనే పని తప్పుతుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి అడుగు నుంచి బొటనవేలితో తోస్తే టప్పున బయటికి వస్తుంది. వేడి మీద లాగితే మాత్రం సిలికాన్ అయినా సగం అడుగున ఉండిపోతుంది. ఖర్జూరం కేక్, బెల్లం కేక్ లాంటి జిగురు రకాలకు అసలే తొందర పనికిరాదు. బండ్ట్ మౌల్డ్‌లో మధ్య గొట్టం చుట్టూ ఉండే లోతైన గాడుల్లో వెన్న బ్రష్‌తో జాగ్రత్తగా పట్టించాలి. నాన్‌స్టిక్ అని రాసి ఉన్నా సరే, వాడుతున్న కొద్దీ వెన్న అవసరం పెరుగుతుంది.

గుడ్డు తెల్లసొన నురుగుతో పొంగే షిఫాన్ కేక్ చేసేవాళ్ళు మాత్రం సిలికాన్ జోలికి పోవద్దు. ఆ కేక్ గోడను పట్టుకుని పైకి ఎక్కాలి, చల్లారేటప్పుడు తలకిందులుగా వేలాడాలి. జారే గోడను అదేం పట్టుకుంటుంది?

నాకు బాగా గిట్టుబాటైనది మ్యాట్. బిస్కెట్ల కోసం కొన్నాను గానీ, ఉస్మానియా బిస్కెట్ల లాంటివి దాని మీద కాస్త ఎక్కువగా పరుచుకుని అడుగు పాలిపోయినట్టు వస్తాయి. వాటికి బటర్ పేపరే మేలు. దీని సత్తా పల్లీ పట్టీ దగ్గర తెలుస్తుంది. బెల్లం పాకం ముదిరి, నీళ్ళలో వేసిన చుక్క టక్కున విరిగే దశకు వచ్చాక వేయించిన పల్లీలు కలిపి మ్యాట్ మీద కుమ్మరిస్తాను. నెయ్యి రాసిన అప్పడాల కర్రతో గబగబా పరిచేస్తాను. పళ్ళానికి నెయ్యి రాయడం, అయినా అంటుకుందని తట్టడం, అట్లకాడతో పీకడం ఏవీ ఉండవు. కాస్త చల్లారాక మ్యాట్ చివర పట్టుకుని వంచితే పలక మొత్తం దానంతట అదే ఊడి వస్తుంది. అంత వేడి పాకానికీ మ్యాట్ చెక్కు చెదరదు. ఒక్కటే జాగ్రత్త: ముక్కలు కోయడం మ్యాట్ మీద వద్దు. గోరువెచ్చగా ఉండగానే పలకను చెక్క మీదికి జరిపి కోయాలి. చాలా బేకింగ్ మ్యాట్‌ల లోపల గాజు నార వల ఉంటుంది. చాకు గాటు పడి ఆ వల బయటికి కనిపిస్తే ఇక తిండికి వాడకూడదు.

చలిని కూడా సిలికాన్ ట్రేలు, మౌల్డ్‌లు బాగా తట్టుకుంటాయి. కుల్ఫీ, చాక్లెట్, చింతపండు గుజ్జు, కొబ్బరిపాలు అన్నీ గడ్డకట్టించి వెనక నుంచి నొక్కితే ఊడి వస్తాయి. వినాయక చవితికి కుడుములు ఆవిరి మీద పెట్టుకోవచ్చు, కాకపోతే స్టీలు ప్లేట్ల కంటే కొంచెం ఎక్కువసేపు పడుతుంది. కానీ వాసన విషయంలో సిలికాన్‌ది పాడు జ్ఞాపకశక్తి. అల్లం వెల్లుల్లి పేస్ట్ క్యూబ్‌లకు వాడిన ట్రేలో తర్వాత చాక్లెట్ పోస్తే, పిల్లలు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని మొహం చూస్తారు. మా ఇంట్లో కారానికి ఎర్ర ట్రే, తీపికి నీలం ట్రే. పసుపు పడితే ఆ మరక కూడా ఒక పట్టాన పోదు.

ఇక కడగడం. చూడ్డానికి తేలిగ్గా అనిపిస్తుంది, నిజానికి అదే పెద్ద తలనొప్పి. నూనె ప్రతిసారీ పలచగా మిగిలిపోయి, ఓవెన్ వేడికి జిగురు పొరగా మారుతుంది. వేలితో రాస్తే బంక బంకగా తగులుతుంది. స్ప్రే నూనెలు వాడితే ఇది ఇంకా త్వరగా వస్తుంది. గరుకు పీచుతో రుద్దితే గీతలు పడి మరింత పట్టేస్తుంది. వేడి నీళ్ళలో వంటసోడా వేసి కాసేపు మరిగించి, మెత్తటి స్పాంజితో కడిగితే చాలా వరకు పోతుంది. సబ్బు ఎక్కువ వాసన ఉన్నది వాడితే ఆ నిమ్మ వాసన తర్వాతి కేక్‌లో వస్తుంది, ఇది నేను అతిగా చెప్పడం లేదు. బోరు నీళ్ళ ఇళ్ళలో ఇంకోటి ఉంది: ఆరాక తెల్లటి పొడిలా పేరుకుంటుంది. పాడైపోయిందని పారేయక్కర్లేదు, అది నీళ్ళలోని సున్నం. వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెడితే వదిలిపోతుంది.

ఆరోగ్యం సంగతి అందరూ అడుగుతారు. 2018లో యూరోపియన్ యూనియన్ సిలికాన్ తయారీలో వాడే డీ4, డీ5, డీ6 అనే సిలోక్సేన్ రసాయనాలను తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. ప్రకృతిలో త్వరగా విచ్ఛిన్నం కాకుండా పేరుకుపోతాయన్నది ప్రధాన కారణం. సరిగ్గా క్యూర్ చేయని, అంటే తయారీలో పూర్తిగా గట్టిపరచని సిలికాన్‌లో ఇవి కొద్దికొద్దిగా మిగిలి ఉంటాయి. వేడి, కొవ్వు తగిలినప్పుడు బయటికి వస్తాయి. అందుకే జర్మనీ ప్రభుత్వానికి ఆహార భద్రతపై సలహాలిచ్చే బీఎఫ్‌ఆర్ సంస్థ సిఫారసు ప్రకారం 200 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచినప్పుడు సిలికాన్ నుంచి ఆవిరయ్యే పదార్థం 0.5 శాతం దాటకూడదు. మంచి తయారీదారులు సరుకును ముందే ఇలా వేడిచేసి పంపుతారు. చవకవాటిలో ఆ దశ ఎగ్గొట్టే అవకాశం ఎక్కువ. కొత్త మౌల్డ్‌ను కడిగి, ఖాళీగా 200 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి, కిటికీలు తెరిచి ఉంచుతాను. ఆ తర్వాత కూడా ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే అది తిండికి పనికిరాదని నా నిర్ణయం. మెలిపెడితే తెల్లగా మారితే కల్తీ అన్న పరీక్షను మాత్రం నేను నమ్మను. మంచి సిలికాన్‌లోనూ సిలికా పొడి కలుపుతారు, రంగును బట్టి కూడా తేడా కనిపిస్తుంది.

మౌల్డ్ మీద ఎక్కువగా 220 లేదా 230 డిగ్రీల వరకు అని ఉంటుంది. కేకులకు 180 దాటం కాబట్టి టెన్షన్ లేదు. గ్రిల్ మోడ్‌లో పెట్టకూడదు, రాడ్‌కు తగలకూడదు. కుక్కర్‌లో ఉప్పు పరిచి కేక్ చేసేవాళ్ళు సిలికాన్ వాడొద్దనే చెబుతాను, అడుగున వేడి ఎంతకు చేరిందో చెప్పే ముల్లు ఉండదు కదా. ఎయిర్ ఫ్రయ్యర్‌లో వేసే సిలికాన్ లైనర్లు కూడా కొన్నాను. బుట్ట కడిగే పని తగ్గిన మాట నిజమే, కానీ కింది నుంచి గాలి ఆడక చికెన్ ముక్కలు అడుగున వేగకుండా ఉడికినట్టు అవుతాయి. కరకరలాడాలని ఎయిర్ ఫ్రయ్యర్ కొని, లోపల లైనర్ వేస్తే ఇంకెందుకు?

కొత్తగా కొనేవాళ్ళు ఆరో పన్నెండో విడి మఫిన్ కప్పులు, ఒక మ్యాట్ తీసుకుంటే సరిపోతుంది. గుండ్రటి కేకుకు అల్యూమినియం గిన్నె, అడుగున బటర్ పేపర్. నా బ్రెడ్ మౌల్డ్‌ను ఈ మధ్య మా పిన్ని సబ్బులు పోసుకోవడానికి పట్టుకెళ్ళింది. కాస్టిక్ సోడా పడినదాన్ని మళ్ళీ తిండికి వాడకూడదు కాబట్టి, తిరిగి ఇవ్వనక్కర్లేదు పిన్నీ అని ముందే చెప్పేశాను.