పాల్ మోరియా ‘బ్లూమింగ్ హిట్స్’: పందొమ్మిదేళ్లు విన్నాక

ఫ్రెంచ్ వాద్య బృంద నాయకుడు పాల్ మోరియా చేసిన ఈ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) నా దగ్గరకు వచ్చి పందొమ్మిదేళ్లయింది. పాత పుస్తకాల దుకాణంలో, అట్ట మూలలు నలిగిపోయి ఉంటే తీసుకున్నాను. ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు గానీ, దీపం వెలుగులో వంచి చూస్తే అందులోని ‘లవ్ ఈజ్ బ్లూ’ పాట మొదలయ్యే చోట ముల్లు నడిచే గాళ్లు కాస్త తెల్లబారి కనిపిస్తాయి. ముల్లు మళ్లీ మళ్లీ అక్కడే దించిన గుర్తు అది.

ఆ బాణీ మోరియాది కాదు, ఆంద్రే పాప్ అనే ఫ్రెంచ్ సంగీతకారుడిది. 1967లో వియన్నాలో జరిగిన యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీలో లక్సెంబర్గ్ తరఫున వికీ లియాండ్రోస్ పాడితే నాలుగో స్థానం దక్కింది. అదే పాటను మాటలు తీసేసి మోరియా తన వాద్య బృందంతో వాయింపజేస్తే, 1968 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికాలో జనాదరణ పొందిన పాటలకు వరుస ఇచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

బాణీ ఒకటే అయినా ఇంత తేడా ఎందుకు వచ్చిందో నాకు చెప్పింది మా అమ్మ. పాశ్చాత్య సంగీతంతో ఆమెకు పరిచయం లేదు. ఒక సాయంత్రం బియ్యం ఏరుకుంటూ విని, “ఆ వీణలాంటిది వచ్చే చోటు మళ్లీ పెట్టు” అంది. ఆమె వీణ అన్నది హార్ప్సికార్డ్‌ని. చూడడానికి పియానోలా ఉంటుంది గానీ, పియానోలో సుత్తులు తీగల్ని కొడతాయి, ఇందులో చిన్న ములుకులు తీగల్ని మీటుతాయి. అమ్మ చెవి పట్టుకున్నది ఆ మీటునే. వయొలిన్లు వెడల్పుగా పరుచుకున్న చోట కూడా ఈ మీటు విడిగా, చుక్కల్లా వినిపిస్తుంది. పాట మధ్యలో బాణీ దిగులు వదిలి వెలుగులోకి తిరుగుతుంది. రెండున్నర నిమిషాల పాటలో నాకు ప్రాణమైన చోటు అదే.

మోరియాకు పేరు రాత్రికి రాత్రి వచ్చిందని నేనూ చాలాకాలం అనుకున్నాను. అది నిజం కాదు. 1925లో మార్సెయ్‌లో పుట్టి, అక్కడే సంగీతం చదువుకుని, పదిహేడేళ్లకే సొంత బృందం నడిపాడు. తరువాత ప్యారిస్‌లో షార్ల్ అజ్నవూర్ వంటి గాయకుల పాటలకు వాద్యాలు సమకూర్చాడు. ఫ్రాంక్ పూర్సెల్ అనే మరో ఫ్రెంచ్ సంగీతకారుడితో కలిసి కట్టిన బాణీ ఒకటి 1963లో ‘ఐ విల్ ఫాలో హిమ్’గా, లిటిల్ పెగ్గీ మార్చ్ గొంతులో, అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ‘లవ్ ఈజ్ బ్లూ’ నాటికి ఆయనకు నలభై దాటాయి. గాయకుడి వెనుక నిలబడి ఏ వాద్యం ఎప్పుడు పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో నేర్చుకున్న ఏళ్లన్నీ ఈ రికార్డులో వినిపిస్తాయి.

లోపాలూ ఉన్నాయి. ఇంగ్లండ్ బృందం బీటిల్స్ పాట ‘పెన్నీ లేన్’ కూడా ఇందులో ఉంది, కానీ దానిలోని అల్లరి మెత్తబడిపోయింది. రెండు వైపులూ ఒకే బిగిన వినడం నా వల్ల కాదు. నేతి బొబ్బట్లు రెండు తిన్నాక మూడోది వెళ్లనట్టు, నాలుగైదు పాటల తరువాత వయొలిన్ల తీపి మొహం మొత్తుతుంది. ఒక పూటకు ఒక వైపు చాలు.

ఎక్కడ వింటున్నామన్నదీ ముఖ్యమే. ఒకప్పుడు ఒక దుకాణంలో ఈ పాటలు క్యాసెట్‌లోకి ఎక్కించుకుంటే వేగం తగ్గి అంతా నీరసంగా వచ్చింది. ఫోను స్పీకరులో బేస్ గిటార్ మాయమై, హార్ప్సికార్డ్ రేకు చప్పుడులా మిగులుతుంది. రెండు స్పీకర్లు ఎడంగా పెట్టి, పక్క గదిలో మాటలు వినపడేంత తక్కువ శబ్దంలో వింటేనే దీని అందం.

పాత ప్రతి కొనేవారు అట్టను చూసి వెనక్కి తగ్గకండి, రికార్డును వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. గాళ్లకు అడ్డంగా గీత లేకపోతే తీసుకోవచ్చు. నా ప్రతిలో చిటపటలు ఉన్నాయి. పోయిన నెల ముల్లు మార్చాను, సగం తగ్గాయి.